1969 అని రాసిన పెట్టె: విశాఖలోని ఒక సంగీత క్లబ్బు టేపుల కేస్ స్టడీ

నేపథ్యం

విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఒక మేడ మీద హాలు. నూట ఇరవై మంది కూర్చుంటే నిండిపోతుంది. పద్యాల రాత్రయితే మెట్ల మీదా, ఎదురింటి అరుగు మీదా కూడా జనం ఉండేవారని పాత సభ్యులందరూ చెబుతారు. 1960ల చివర్లో పోర్టు, రైల్వే గుమాస్తాలు కొందరు, ఇద్దరు లెక్చరర్లు కలిసి పెట్టుకున్న సంగీత క్లబ్బు ఇది. రెండో శనివారం కచేరీ, టిక్కెట్టు లేదు, నెల చందా. లలిత సంగీతం, గజళ్లు, అప్పుడప్పుడు శాస్త్రీయం, అన్నిటికన్నా ఎక్కువగా నాటక పద్యాలు ఉండేవి. విజయనగరం అరవై కిలోమీటర్ల దూరమే. 1919 నుంచీ నడుస్తున్న అక్కడి సంగీత కళాశాలలో చదువుకున్న ఫిడేలు, మృదంగం వాళ్లు సాయంత్రం బండికి వచ్చి, కచేరీ అయ్యాక హాల్లోనే చాప వేసుకుని పడుకుని, తెల్లారి బండికి వెళ్లిపోయేవారు.

క్లబ్బు పేరు, వీధి, కళాకారుల పేర్లు ఇందులో ఉండవు. మనిషిని గుర్తుపట్టించే వివరాలు తీసేశాం. సాంకేతిక వివరాలు మాత్రం ఉన్నవున్నట్టు ఉంచాం.

ఇలాంటి చోట్లకి చరిత్ర కన్నా ముందు గాథ పుడుతుంది. ఈ క్లబ్బు గాథ ఇది: 1969లో ప్రారంభోత్సవం రాత్రి ఒక పేరున్న రంగస్థల నటుడు పద్యం అందుకున్నాడు. మధ్యలో కరెంటు పోయింది. ఆయన ఆపలేదు. చీకట్లోనే పాడాడు. ఒక్క పద్యానికి ఏడు వన్స్ మోర్లు. ఆ రాత్రి టేపు క్లబ్బు దగ్గరుంది, దాని పెట్టె మీద నీలి సిరాతో ‘ప్రారంభోత్సవం, 1969’ అని రాసుంది.

వచ్చిన సమస్య

జూబిలీ సంచికతోపాటు ఆ టేపును శుభ్రం చేసి పంచిపెట్టాలనేది కమిటీ కోరిక. అంతకుముందే ఎవరో చేసిన సీడీ ఒకటి వాళ్ల దగ్గర ఉంది. అందులో గొంతు పీలగా ఉంది. ‘కుర్రతనంలో గొంతు అలాగే ఉండేది’ అని కొందరు. ‘ఆయన ఎన్నడూ అంత ఎత్తు శ్రుతిలో పాడలేదు’ అని ఆయనకి చాలాకాలం హార్మోనియం వాయించిన పెద్దాయన. కమిటీ దీన్ని శబ్దం సమస్య అనుకుంది. టేపులు బాగుచేసే పని మీద వచ్చిన మాకు మొదటి రోజే అనుమానం వేగం మీదికి పోయింది. తారీఖు మీద మాత్రం అప్పటికి అనుమానం రాలేదు. పెట్టె మీద రాసుంది కదా అనుకున్నాం.

మొత్తం సరుకు 61 స్పూలు టేపులు, 140 దాకా క్యాసెట్లు, చందా రసీదు పుస్తకాలు, జమాఖర్చుల చిట్టాలు నాలుగు, ఒక హార్మోనియం. స్పూలు టేపుల్లో 17 కింది అరలో ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు కిటికీ రెక్కలు ఊడి వాన నేరుగా ఆ బీరువాలోకి కొట్టింది. ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్యాను గాలి కూడా లేదు. తడిసిన టేపుల్ని ఎవరూ విప్పలేదు. పెట్టెల్లోనే ఉండి వాటంతటవే ఆరాయి. గాథలోని టేపు పై అరలో ఉండటం ఒక్కటే అదృష్టం.

ముందు టేపును చూడటం

డెక్ (టేపు నడిపే యంత్రం) మీద పెట్టేముందు ప్రతి స్పూలూ వెలుతురుకి అడ్డంగా పట్టి చూశాం. చుట్ట లోంచి వెలుతురు మసగ్గా కనిపిస్తే అసిటేట్, నల్లగా మూసుకుపోతే పాలియెస్టర్. ఇవి టేపు చేసే రెండు రకాల ప్లాస్టిక్కులు. అసిటేట్ టేపు పాడవటం మొదలైతే పుల్లటి వాసన, అచ్చం వెనిగర్ వాసన వస్తుంది. అది లాగితే పుటుక్కున తెగుతుంది, కాబట్టి అతికించొచ్చు. పాలియెస్టర్ ముందు సాగుతుంది. సాగిన చోట పాట పోయినట్టే. ఈ తేడా తెలుసుకోకుండా ఏ వైద్యమూ మొదలుపెట్టకూడదు. జిగట పట్టిన కొన్ని రకాల టేపుల్ని దాదాపు 54 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు వేడి చేసి తాత్కాలికంగా బాగుచేస్తారు గానీ అదే పని అసిటేట్ టేపుకి చేస్తే అది ముడుచుకుపోయి ఇక పనికిరాదు. ఈ సరుకులో వెనక నల్ల పూత ఉన్న 1980ల టేపులు నాలుగే. వేడి వాటికే పట్టాం. అదీ అర డిగ్రీ అటూ ఇటూ కానివ్వని ఇంక్యుబేటర్‌లో. వంటింటి ఓవెన్‌ని ఇందుకు నమ్మలేం. అందులో ముల్లు 54 దగ్గరున్నా లోపల ఒక మూల 70 ఉంటుంది.

తడిసి ఆరిన పదిహేడింటి అంచుల మీద తెల్లటి పొడి కనిపించింది. కొన్నిటి మీద అది బూజు, కొన్నిటి మీద ఉప్పు. భూతద్దం కింద బూజు పోగుల్లా, ఉప్పు పలుకుల్లా కనిపిస్తుంది. బూజుకి మాస్కు వేసుకుని, ఆరుబయట మెత్తటి కుంచెతో పొడిగానే దులిపి, తర్వాత నూలు రాలని గుడ్డ మధ్యనుంచి నిదానంగా చుట్టాలి. ఉప్పు పలుకు అలా పోదు. దాన్ని పొడిగా రుద్దితే పూతని గీరేస్తుంది. అందుకని డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో మూడేసి రోజులు ఉంచాం. పధ్నాలుగు దారికొచ్చాయి. మూడింటిలో చుట్టకి చుట్ట అంటుకుపోయింది. లాగితే పూత పక్క పొరతో వచ్చేస్తోంది. అవి అక్కడే ఆపేశాం.

మొదట చేసినవి, పనిచేయనివి

సీడీనే బాగుచేసి ఇచ్చేద్దామా అన్నది మొదటి ఆలోచన. కమిటీకి తొందరగా ఉంది, సంచిక ప్రెస్సుకి వెళ్లాలి. ఒక పూట ప్రయత్నించి మానేశాం. ఆ సీడీ అసలు టేపు నుంచి కాదు, మధ్యలో తీసిన క్యాసెట్ కాపీ నుంచి వచ్చింది. క్యాసెట్ వేగం తప్పు ఒకటి, దాని మీద రొద తగ్గించే సాఫ్ట్‌వేర్ నడిపిన తప్పు ఇంకొకటి. తప్పు మీద తప్పు పడితే విడదీయటం కుదరదు. పైగా కరెంటు పోయిన చోట సీడీలో కోత ఉంది. ‘అక్కడేదో గోల ఉంటే తీసేశార్ట’ అన్నారు. ఆ గోల ఏమిటో తర్వాత తెలిసింది.

అసలు టేపు ఏడంగుళాల స్పూలు, అసిటేట్, 1200 అడుగులు, సెకనుకి 9.5 సెంటీమీటర్ల వేగం. అంటే ఒక వైపు 64 నిమిషాలు. మోనో, అర ట్రాకు. టేపు వెడల్పులో పై సగం ఒక వైపు, తిప్పి పెడితే కింది సగం రెండో వైపు. రెండు ట్రాకుల స్టీరియో హెడ్డున్న డెక్ మీద దీన్ని ఒకసారి నడిపితే చాలు, ఎడమ ఛానల్లో మొదటి వైపు, కుడి ఛానల్లో రెండో వైపు తిరగేసి వస్తాయి. రెండోదాన్ని కంప్యూటర్లో తిప్పుకుంటాం. పెళుసు టేపుని రెండుసార్లు నడిపించే బాధ తప్పుతుంది. ఒకటే ఇబ్బంది: హెడ్డు వాలు ఒక వైపుకి సరిచేస్తే రెండో వైపుకి కుదరకపోవచ్చు. సన్నటి శబ్దాలు, అంటే తాళం చిప్పలు, హార్మోనియం రీడ్ల గరగర ఎక్కడ బాగా వినిపిస్తాయో అక్కడ ఆపేలా ఆ వాలుని మార్చే అజిమత్ మరని పావు చుట్టు కన్నా తక్కువలో అటూ ఇటూ తిప్పి, మొదటి వైపుకే కుదిర్చాం. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు. గంటకి స్టీరియో రెండు గిగాబైట్ల పైచిలుకు.

ఇక వేగం. మామూలుగా చేసే పని ఏమిటంటే, రికార్డింగులో కలిసిన కరెంటు గుయ్యిమనే శబ్దాన్ని కొలవటం. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100. టేపులో ఆ గుయ్యి 103 దగ్గర కనిపిస్తే టేపు మూడు శాతం వేగంగా నడుస్తోందని అర్థం. 100కి దించితే సరి. ఇక్కడ కొలిస్తే 99.9కి, 100.1కి మధ్య వచ్చింది. అంటే వేగం సరిగ్గా ఉందన్నమాట. సీడీ తప్పు క్యాసెట్‌దే అయ్యుండాలి అనుకుని అలాగే ఫైలు చేసి హార్మోనియం పెద్దాయనకి వినిపించాం. ఆయన తన హార్మోనియం పెట్టె ముందు పెట్టుకుని, ఒకటి శ్రుతి మెట్టు నొక్కారు, దాని పక్కనున్న ఒకటిన్నర మెట్టు నొక్కారు. రెండూ కలవలేదు. ‘ఇది రెండిటికీ మధ్యన ఉందండీ. మనిషి అలా పాడొచ్చు గానీ పెట్టె అలా పలకదు కదా’ అన్నారు.

ఆ మాటతో లెక్క మొత్తం తిరగబడింది. టేపులో గాయకుడితో పాటు హార్మోనియం కూడా ఉంది. హార్మోనియం రెండు మెట్ల మధ్య పలకదు. మరి గుయ్యి సరిగ్గా 100 దగ్గరెలా ఉంది?

కరెంటు చేసిన మోసం

జవాబు రికార్డర్ మోటారులో ఉంది. ఆ కాలపు ఇంటి రికార్డర్లలో చాలావాటి మోటారు నేరుగా కరెంటు ఫ్రీక్వెన్సీ మీద నడుస్తుంది. ఊళ్లో కరెంటు 50 హెర్ట్జ్ కాకుండా 48.5 ఉన్న రాత్రి మోటారు కూడా మూడు శాతం నెమ్మదిగా తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగే టేపు మీద 97 హెర్ట్జ్ గుయ్యి ఎక్కుతుంది. ఈ రోజు అదే టేపుని సరైన వేగంతో నడిపితే ఆ 97 కాస్తా 100 అయి కూర్చుంటుంది. తప్పు చేసినవాడే సాక్ష్యం చెప్పినట్టు, గుయ్యి ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది. పాట మాత్రం అర మెట్టు పైకి పోతుంది.

48.5 అంటే ఇప్పటి కుర్ర ఇంజనీర్లకి వింతగా ఉంటుంది. ఇప్పుడు గ్రిడ్డుని 49.90కి 50.05కి మధ్య పట్టి ఉంచుతున్నారు. 2003 జనవరిలో ఫ్రీక్వెన్సీని బట్టి రేటు కట్టే పద్ధతి దక్షిణాదికి వచ్చేదాకా సాయంత్రం వాడకం వేళ 48.5 దగ్గర నడవటం ఇక్కడ మామూలు సంగతి. మన పాత టేపులన్నీ ఇంత నమ్మకంగా 50 హెర్ట్జ్‌కి దించి పెట్టేసిన చోట్ల ఎన్ని గొంతులు అర మెట్టు పైన ఉండిపోయాయో!

బ్యాటరీ మీద నడిచే రికార్డర్ల సంగతి వేరు. వాటి మోటారుకి ఊరి కరెంటుతో పనిలేదు, కాబట్టి వాటిలో కలిసిన గుయ్యి నిజమైన గ్రిడ్డు ఫ్రీక్వెన్సీ చెబుతుంది, వేగం తప్పుతో కలిపి. బ్యాటరీ నీరసించే కొద్దీ టేపు చివరికి శ్రుతి పెరుగుతూ పోతుంది. ఏ రకం యంత్రం మీద ఎక్కిందో తెలియకుండా గుయ్యిని కొలబద్దగా వాడకూడదు.

పనిచేసినది: హార్మోనియం వేలిముద్ర

కరెంటుతో సంబంధం లేని కొలబద్ద కావాలి. తంబురా శ్రుతి ఆ పూటకి ఆ పూట కట్టుకునేది, ఫిడేలూ అంతే. క్లబ్బు హార్మోనియం మాత్రం అదే హాల్లో, అదే బల్ల మీద ఉంది. 39 మెట్లు, డబుల్ రీడ్. అదృష్టం ఏమిటంటే జూబిలీ కచేరీకని మరుసటి వారమే దాన్ని రిపేరుకి పంపి శ్రుతి చేయించాలని కమిటీ నిశ్చయించుకుంది. వారం ఆపమని బతిమాలుకున్నాం.

రీడు అంటే ఇత్తడి నాలుక. కొత్తలో ఎంత సరిగ్గా శ్రుతి చేసినా ప్రతి నాలుకకీ కాస్త తప్పు ఉంటుంది, ఒకటి ఐదు సెంట్లు ఎక్కువ, ఇంకొకటి ఏడు తక్కువ. (మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం నూరు సెంట్లు.) ఆ హెచ్చుతగ్గుల వరస వేలిముద్ర లాంటిది. టేపు వేగం ఎంత తప్పినా అన్ని స్వరాలూ ఒకే పాళ్లలో జరుగుతాయి కాబట్టి వరస చెదరదు. వరస కలిస్తే అదే హార్మోనియం. మొత్తంగా ఎంత పైకి జరిగిందో అదే వేగం తప్పు. ఒకే కొలతలో రెండు జవాబులు.

కొలిచిన తీరు: ఒక వరస రీడ్ల స్టాపు మూసేసి, రెండో వరస మాత్రమే పలికేలా పెట్టి, మైకు అడుగు దూరంలో ఉంచి, ఒక్కో మెట్టు ఐదేసి సెకన్లు, మూడేసి సార్లు. తిత్తి ఒత్తిడి ఒకేలా ఉండాలి, గట్టిగా ఊదితే రీడు శ్రుతి కిందికి జారుతుంది. తర్వాత టేపులో గొంతు ఆగి హార్మోనియం ఒక్కటే నిలిచిన చోట్లు వెతికాం. పద్యం పాదం చివర ఆలాపన ముగిశాక వాయించేవాడు ఆ స్వరాన్ని అలా పట్టి ఉంచుతాడు. ప్రేక్షకులు ఈలలు వేసేది అప్పుడే కాబట్టి పనికొచ్చే ముక్కలు తక్కువ. పదకొండు దొరికాయి. తొమ్మిది స్వరాలు నేటి కొలతకి మూడు సెంట్ల లోపు తేడాతో ఒకే వరసలో, అన్నీ 53 సెంట్లు పైన ఉన్నాయి. రెండు కుదరలేదు. పెట్టె విప్పి చూస్తే ఆ రెండు రీడ్లే మెరుస్తున్నాయి, ఆకురాయి గీత కొత్తగా ఉంది. మిగతావన్నీ నల్లబడి ఉన్నాయి. మధ్యలో ఎవరో వాటిని శ్రుతి చేశారు. వాటిని లెక్కలోంచి తీసేశాం, తీసేసినట్టు రాసిపెట్టాం.

53 సెంట్లు అంటే 3.1 శాతం. 50ని 1.031తో భాగిస్తే 48.5. హార్మోనియం చెప్పిన తప్పూ గ్రిడ్డు అలవాటూ ఒకచోటికే వచ్చాయి. ఫైలుని అంతమేరకు దించి వినిపిస్తే పెద్దాయన ఒకటి శ్రుతి మెట్టు మీద వేలు పెట్టి తీయలేదు. గొంతు బరువెక్కింది. కుర్రగొంతు కాదది, నలభై దాటిన మనిషి గొంతు.

ఇక్కడే తారీఖు మీద అనుమానం మొదలైంది. చిట్టా తీసి చూస్తే హార్మోనియం కొన్న పద్దు 1974లో ఉంది. 1974లో కొన్న పెట్టె 1969లో ఎలా పలుకుతుంది?

పదమూడు సెకన్లు

సెకండ్ హ్యాండ్ పెట్టె కదా, ముందు అద్దెకి తెచ్చుకునేవారేమో అని కమిటీలో ఒకరు అన్నారు. కాదనటానికి లేదు. ఇంకో ఆధారం కావాలి. అది సీడీలో కోసేసిన గోలలో దొరికింది.

కరెంటు పోయిన చోట అసలు టేపు ఇలా నడుస్తుంది. మూడో పాదం మధ్యలో గొంతు ఒక్కసారిగా కీచుమంటూ పైకి లేచి అర సెకనులో తెగిపోతుంది. మోటారు ఆగిపోతూ టేపు నెమ్మదించింది కాబట్టి ఇప్పుడు వింటే శ్రుతి పైకి పోతుంది. 1961 జూన్ 25న న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో జాజ్ పియానో కళాకారుడు బిల్ ఎవాన్స్ త్రయం రికార్డింగు కూడా కరెంటు అంతరాయంతో మధ్యలో తెగింది. అలాంటి అంతరాయమే ఇది, కానీ తర్వాత జరిగింది వేరు. మన రికార్డర్ వాల్వు సెట్టు, అంటే లోపలి గాజు గొట్టాలు వేడెక్కితేనే పనిచేసేది. కరెంటు తిరిగొచ్చింది, రికార్డు మీట నొక్కే ఉంది, మోటారు వెంటనే కదిలింది. వాల్వులు చల్లారిపోయి ఉన్నాయి. అవి వేడెక్కేదాకా కొత్త శబ్దం ఎక్కదు. పాతది చెరిపే శక్తి కూడా వాల్వు నుంచే రావాలి కాబట్టి అదీ పనిచేయదు. కాబట్టి టేపు మీద అంతకుముందు ఏముందో అది ఆ పదమూడు సెకన్ల మేర, అంటే మీటరూ పావు పొడవున, అలాగే మిగిలిపోయింది.

అక్కడున్నది రేడియో వార్తలు. గొంతు అస్పష్టం, చివర్లో చెరుగుతూ పోతుంది. కానీ విజయనగరం జిల్లా అన్న మాట రెండుసార్లు, ‘కొత్తగా ఏర్పడిన’ అన్న మాటతో కలిపి ఒకసారి తేటగా ఉంది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అప్పటిదాకా ఆ ఊరు విశాఖ జిల్లాలోనిది. వార్తలు ఎక్కించిన టేపు మీదే పద్యం ఎక్కింది కాబట్టి ఆ రాత్రి 1979 జూన్ తర్వాతిదే. దీనికి గొంతు వయసుతో పనిలేదు, ఎవరి జ్ఞాపకంతోనూ పనిలేదు.

మరి 1969 అని రాసిన టేపు పెట్టె? అది అబద్ధం చెప్పలేదు. దాని అడుగున క్లబ్బు రబ్బరు ముద్రలో ‘విశాఖపట్నం-1’ అనే ఉంది. ఆరంకెల పిన్‌కోడ్ లేదు, అది 1972 ఆగస్టు 15న వచ్చింది. ముద్ర పాతదే వాడుతూ ఉండొచ్చు, అందుకని ఇది బలమైన ఆధారం కాదు గానీ, పెట్టె 1969దే అనటానికి అడ్డేమీ లేదు. ప్రారంభోత్సవం టేపు ఒకటి ఉండేది, ఎప్పుడో మాయమైంది లేదా దాని మీద వేరేది ఎక్కించేశారు, ఖాళీ పెట్టెలోకి ఈ స్పూలు చేరింది. ఆ రోజుల్లో స్పూలు ఖరీదు, చెరిపి మళ్లీ వాడటం అందరూ చేసిందే.

కమిటీతో మాట

కార్యదర్శి గారు ఫైలు మొత్తం విని, చాలాసేపు ఊరుకుని, ‘అయితే మాకు ప్రారంభోత్సవం లేనట్టేనేటండీ?’ అన్నారు. ఇలాంటప్పుడు సాంకేతిక పదాలు పనిచేయవు. పదమూడు సెకన్లు మూడుసార్లు వినిపించాం, ఏమీ చెప్పకుండా. రెండోసారికే ఆయన ‘విజయనగరం జిల్లా’ అని పైకి అనేశారు. వాదన అక్కడితో అయిపోయింది.

ఏ తారీఖు వేయాలన్నది మిగిలింది. చిట్టాలో పెట్రోమాక్స్ లైట్ల అద్దె పద్దులు మూడున్నాయి, మూడూ 1980, 1981ల్లోనే. వాటిలో ఒకటి పద్యాల రాత్రి. అదే అని వేసేద్దామని కమిటీకి ఉబలాటం. ఒప్పుకోలేదు. కరెంటు పోయిన ప్రతి రాత్రీ పెట్రోమాక్స్ తెచ్చారనీ లేదు, తెచ్చిన రాత్రే టేపు తిరిగిందనీ లేదు. రికార్డర్ అమ్మేసిన పద్దు 1983 మార్చిలో ఉంది. కాబట్టి ‘1979 జూన్‌కీ 1983 మార్చికీ మధ్య’ అని వేయించాం. ఒక తప్పు తీసి ఇంకో తప్పు పెట్టటం కన్నా ఇది నయం.

గాథలో నిలిచింది కూడా ఉంది. వాల్వులు పూర్తిగా చల్లారాయంటే కరెంటు ఏ రెప్పపాటో కాదు, కొన్ని నిమిషాలైనా పోయింది. శబ్దం మళ్లీ తేలేసరికి గొంతు ఆలాపన మధ్యలో ఉంది, హాలు నిశ్శబ్దం. అంటే లైట్లు వచ్చేసరికి ఆయన పాడుతూనే ఉన్నాడు. చీకట్లో ఆపకుండా పాడాడనటానికి ఇంతకు మించిన సాక్ష్యం టేపు ఇవ్వలేదు, కానీ ఇది తక్కువేమీ కాదు. వన్స్ మోర్లు టేపులో నాలుగు వినిపిస్తాయి. కరెంటుకి ముందు రెండు, తర్వాత రెండు. చీకట్లో ఎన్నో టేపుకి తెలియదు. సంచికలో ‘కనీసం నాలుగు’ అని పడింది. ఆ ‘కనీసం’ కోసం ఒక సభ్యుడు గంటసేపు పోట్లాడాడు, న్యాయమే.

పనిలో మారినవి

ఈ కేసు తర్వాత క్లబ్బుల, సభల టేపులు వచ్చినప్పుడు జ్ఞాపకాల కన్నా ముందు జమాఖర్చుల పుస్తకం అడుగుతున్నాం. హార్మోనియం కొన్న రోజు, రికార్డర్ అమ్మిన రోజు, స్పూళ్ల ఖర్చు, అన్నీ అందులో ఉంటాయి. పద్దు రాసినవాడికి గాథతో పనిలేదు. పెద్దల్ని అడిగేటప్పుడు పెట్టె మీద ఏముందో ముందు చెప్పటం మానేశాం. ఈసారి చెప్పేశాం, అందరూ 1969నే గుర్తుచేసుకున్నారు.

పెట్టెకి ఒక నంబరు, లోపలి టేపుకి వేరే నంబరు వేస్తున్నాం. రెండూ ఒకటే అన్నది తేలాకే కలపాలి. టేపు నుంచి తీసిన తొలి ఫైల్లో ఒక్క క్షణం కూడా కోయం, గోల, ఈలలు, ఖాళీలు, అన్నీ ఉంటాయి. వినిపించే కాపీ వేరే చేసుకోవచ్చు. వేగం సరిచేసిన ప్రతి ఫైలు పక్కనా దేన్ని బట్టి సరిచేశామో, రికార్డర్ ఏ రకమో, లెక్కలోంచి ఏ స్వరాలు తీసేశామో రాసిన కాగితం ఉంటుంది. క్లబ్బుకి సొంత హార్మోనియం ఉంటే దాన్ని రిపేరుకి పంపే ముందు 39 మెట్లూ కొలిచిపెట్టటం అరపూట పని. ఆకురాయి తగిలాక ఆ అరపూట మళ్లీ రాదు.

దాచటం విషయంలో సముద్రం ఒడ్డున పెద్ద ఉపాయాలు నిలవవు. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గది కన్నా ఏసీ లేని గది మేలు, ఆగినప్పుడల్లా చల్లటి స్పూలు మీద చెమ్మ కూర్చుంటుంది. క్లబ్బుకి ఇచ్చిన ఏర్పాటు ఇంతే: రబ్బరు అంచున్న మూత డబ్బాలు, డబ్బాకి పావుకిలో నారింజ రంగు సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు. ముల్లు నలభై దాటినా, గింజలు పచ్చబడినా వాటిని 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరబెట్టి మళ్లీ పెట్టాలి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి ఈ పని పడుతోంది. అసిటేట్ టేపుల్ని మాత్రం బిగుతు డబ్బాలో పెట్టలేదు. వాటి పుల్లటి ఆవిరి బయటికి పోవాలి, లేకపోతే దాని వల్లే ఇంకా తొందరగా పాడవుతాయి. అవి అట్టపెట్టెల్లో, పై అరలో ఉన్నాయి, కిటికీకి దూరంగా.

అంటుకుపోయిన మూడు స్పూళ్లూ అలాగే ఉన్నాయి. వాటిలో ఒకదాని అట్టపెట్టె హుద్‌హుద్ వానకి నానిపోయి, రాసింది చదవటానికి వీల్లేదు. స్పూలు మాత్రం ఏడంగుళాలది, అసిటేట్. 1969 పెట్టె బీరువాలో విడిగా ఉంది, ఖాళీగా, లోపల దాని నంబరు రాసిన చీటీ ఒకటి.